చీటీ లేని నిద్ర

ఆదోని యార్డులో ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే ఆధార్ కావాలి, పట్టాదారు పాసుపుస్తకం కావాలి, ఈ-క్రాప్‌లో పంట ఎక్కి ఉండాలి. 2025 నుంచి వాటికి తోడు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ కూడా దొరకాలి. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడాలి. కష్టం చేసి వేళ్లు అరిగిపోయిన అవ్వను కనుపాప చూపించమంటారు. ఎమ్మిగనూరు నేతన్న సర్కారు సాయం అడిగితే మగ్గం ముందు కూర్చోబెట్టి ఫొటో తీసుకుంటారు. పశ్చిమ కర్నూలులో ఏ రుజువూ అక్కర్లేకుండా దొరికేవి రెండే రెండు: ఎండ, నిద్రమాత్ర.

మందుల షాపు ముందు నిలబడి కళ్లు నులుముకుంటే చాలు. “ఏమప్పా, నిద్ర పడతా లేదా?” అని షాపాయనే పలకరిస్తాడు. “పది ఇయ్యన్నా” అంటే కత్తెర తీస్తాడు, స్ట్రిప్పును అడ్డంగా కోస్తాడు, పాత పేపరు ముక్కలో చుట్టి చేతిలో పెడతాడు. ఆయన డాక్టరు చీటీ అడగడు, మర్యాద కాదు. మనం బిల్లు అడగం, అదీ మర్యాద కాదు. ఎవడైనా కొత్తవాడు తెలియక అడిగితే షాపాయన మనసు నొచ్చుకుంటుంది: “మనకూ మనకూ బిల్లేందప్పా!”

ఈ ‘మనకూ మనకూ’ బంధుత్వం మీద ఊరంతా హాయిగా నిద్రపోతోంది. చిక్కల్లా ఆ ఊరివాళ్లు విమానం ఎక్కడం మొదలుపెట్టాకే వచ్చింది. ఇక్కడ మొహం చూసి మాత్ర ఇస్తారు, అక్కడ కాగితం చూసి మనిషిని వదులుతారు. మొహం ఎంత పెద్దదైనా కస్టమ్స్ బల్ల మీద స్కాన్ కాదు.

చట్టం లేదా అంటే, ఉంది పాపం. 2013 ఆగస్టు 30న కేంద్ర ఆరోగ్యశాఖ మందుల నిబంధనల్లో షెడ్యూల్ హెచ్1 అనే కొత్త జాబితా చేర్చింది. 2014 మార్చి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో మొదట 46 మందులు. క్షయ మందులు, పెద్దరకం యాంటీబయాటిక్‌లు, వాటి పక్కనే మన నిద్రమాత్రలు అల్ప్రజోలం, డయాజిపాం, నైట్రజిపాం, జోల్పిడెం. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలిచ్చిందీ వేరే రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. పెట్టె మీద ఎర్ర చట్రంలో హెచ్చరిక ముద్రించాలి. ముద్రించే కంపెనీలు ముద్రిస్తూనే ఉన్నాయి. సరిగ్గా ఆ ఎర్ర చట్రం మీదుగానే మన కత్తెర నడుస్తూ ఉంది.

ఇక రిజిస్టరు సంగతి. కొన్ని షాపుల్లో అది దేవుడి పటం వెనక ఉంటుంది. పటానికి వేసిన పూలు రాలి దాని మీదా పడతాయి కాబట్టి పూజ లేదని అనలేం. తనిఖీ రాబోతోందని కబురందిన రాత్రి దానికి పురుడు వస్తుంది. ఒకే కలం, ఒకే దస్తూరీ, మూడు నెలల రోగులంతా ఆ ఒక్క రాత్రిలో పుడతారు. ఓటర్ల జాబితాలోంచి ఎప్పుడో తీసేసిన పెద్దమనుషులు కూడా ఇందులో నిద్ర పట్టక పదేసి మాత్రలు కొనుక్కుంటూ కనిపిస్తారు. చచ్చినా నిద్ర పట్టలేదంటే ఆ ఊరి కష్టం ఎంతటిదో ఇన్‌స్పెక్టరుగారే అర్థం చేసుకోవాలి.

చీటీ అడిగి, రిజిస్టరులో రాసి, బిల్లు కొట్టి ఇచ్చే షాపాయన లేడా? ఉన్నాడు. ఊళ్లో అతనికి పొగరుబోతని పేరు. “వానికి శానా రూల్సప్పా” అని గిరాకీ పక్క షాపుకు నడుస్తుంది. నిజాయితీకి మన బజారులో పడే జరిమానా ఇదే, రోజూ వసూలవుతుంది, అప్పీలు లేదు.

నిద్ర ఎందుకు పట్టదో అడగొద్దు. పత్తి ధర న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్లో కదులుతుంది, నిద్ర ఆదోనిలో చెదిరిపోతుంది. బోరు ఎండితే రైతుకు నిద్ర లేదు, నూలు ధర పెరిగితే ఎమ్మిగనూరు మగ్గానికి నిద్ర లేదు, అప్పిచ్చినవాడికీ లేదు, తెచ్చుకున్నవాడికీ లేదు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు వలసపోయే కుటుంబాలు మాత్రం పట్టల గుడిసెల్లో మాత్ర లేకుండానే నిద్రపోతాయి. ఒళ్లు విరిగేటట్టు పని చేయించుకునే దయ ఆ ఊరివాళ్లకుంది. మాత్ర మనదాకా వచ్చేసరికి మధ్యతరగతి జబ్బు. మధ్యతరగతి పిల్లలు అమెరికాలో ఉంటారు. కథ అక్కడే మొదలవుతుంది.

ఎమ్మిగనూరు నుంచి ఒక జంటను ఊహించుకుందాం. కూతురు డల్లాస్‌లో ఉంది, కాన్పు దగ్గర పడింది. ఆరు నెలల ప్రయాణం. పెట్టెలో పొడులు, ఊరగాయలు, పసిబిడ్డకు పాత మెత్తటి చీరలు. అమ్మ కొన్నేళ్లుగా రోజూ రాత్రి ఒక అల్ప్రజోలం వేసుకుంటుంది. ఆరు నెలలకు లెక్క సులువు: 180. నాన్న షాపుకు పోయి అడుగుతాడు, షాపాయన ఇస్తాడు, ‘బిడ్డను అడిగినానని చెప్పప్పా’ అని ఆశీర్వాదం కూడా కలిపి ఇస్తాడు.

ఇప్పుడు చట్టం లెక్క. మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. దాని కింద వచ్చిన నిబంధనల్లో 66వది ఇలాంటి మందుల గురించే. సొంత వైద్యానికి ఒక మనిషి ఒకసారి 100 మోతాదులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. దీర్ఘకాలం వాడాల్సి ఉండి, డాక్టరు ప్రత్యేకంగా అలా రాసిస్తే 300 దాకా ఉంచుకోవచ్చు. మన నాన్న దగ్గర 180 ఉన్నాయి, రాసిన కాగితం లేదు. అంటే శంషాబాద్ విమానాశ్రయం దాకా పోనక్కర్లేదు, ఎమ్మిగనూరు ఇంట్లో పెట్టెకు జిప్పు లాగిన క్షణంలోనే ఆయన చట్టాన్ని దాటేశాడు. పాస్‌పోర్టు మీద ముద్ర పడకముందే ఇంత దూరం ప్రయాణం చేసినవాడు ఇంకెవరైనా ఉంటారా?

చీటీ అసలు లేదా అంటే, ఒకటుంది. నాలుగేళ్ల కిందటిది, మడతల దగ్గర చిరిగినది. దాని మీద ‘నాగమ్మ, 62’ అని ఉంది. పాస్‌పోర్టులో ఆమె పేరు ఇంటిపేరుతో సహా ఇంగ్లీషులో నాలుగు మాటలు. ఆ నాలుగింటిలో చీటీ మీది నాగమ్మ ఎక్కడుందో వెతకడం అక్కడి అధికారి పని. పేరు కింద ఒక గీత, గీత మీద ఒక చుక్క, చివర తోక. అది మందు పేరు. ఆ తోకను చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడే, ఆ డాక్టరు మెట్ల కింది మెడికల్ షాపాయన. మందుల పేర్లు జనరిక్‌లో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయమని భారత వైద్య మండలి 2016లో నిబంధన మార్చింది. ఆ పెద్ద అక్షరాలు ఢిల్లీలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటే ఎప్పుడో వచ్చేవి, ఆ బండి ఆదోని మీదుగానే పోతుంది. టికెట్ దొరికినట్టు లేదు.

డాక్టర్లను ఊరికే అనకూడదు. కొత్త చీటీ కావాలని పోతే వాళ్లకు బయట అరవైమంది కూర్చుని ఉంటారు. “అదే మాత్ర, అట్లే కానీ” అని నోటితో చెబుతారు. నోటిమాటకు మన ఊళ్లో విలువుంది. కాకపోతే డల్లాస్ విమానాశ్రయంలో ఆ నోరు ఉండదు.

అమెరికా నిబంధన ఏమంత కఠినమైనదీ కాదు. నియంత్రిత మందు తెచ్చుకునేవాడు షాపువాళ్లిచ్చిన అసలు డబ్బాలోనే తేవాలి, సొంత వైద్యానికేనని చెప్పాలి, మందు పేరేమిటో, డబ్బా మీద అది లేకపోతే ఏ షాపులో ఏ చీటీ మీద కొన్నదో అధికారికి తెలపాలి. మామూలు మందులైనా సరే, వచ్చేవాళ్లు తొంభై రోజులకు సరిపడేంత తెచ్చుకోవడమే పద్ధతని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. ఇందులో మన స్ట్రిప్పు ఎన్నిచోట్ల తప్పుతుందో చూడండి. అక్కడ ప్రతి సీసా మీద రోగి పేరుతో చీటీ అంటించి ఇస్తారు. మన స్ట్రిప్పు మీద కంపెనీ పేరుంటుంది, ధర ఉంటుంది, ఎవరు మింగాలో ఉండదు. ఉన్న ఆ కాస్త అచ్చు కూడా కత్తెరకు బలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ షాపులో ఉండిపోయి, ‘...జోలం’ అనే తోక ఒక్కటి మనతో విమానం ఎక్కుతుంది. మన బ్రాండు పేరు చెబితే అధికారికి అర్థం కాదు. అదే మందుకు అక్కడి బ్రాండు పేరు ‘జానాక్స్’ అంటే వెంటనే అర్థమవుతుంది, అర్థమైనకొద్దీ ఆయన మొహం మారుతుంది. అక్కడి వీధుల్లో నకిలీ చేసి అమ్మే మందుల్లో అదొకటి.

ఇంత ప్రమాదం ఉందని ఎవరో చెవిన వేశారనుకోండి, వెంటనే బంధువుల సలహా మండలి కూర్చుంటుంది. “విటమిన్ డబ్బాలో పోసుకో, ఎవురికి తెలుస్తాది?” అని మేనమామ. “చీర మడతలో పెట్టు వదినా, ఆడోళ్ల బట్టలు వాళ్లు ముట్టరు” అని ఆడపడుచు. ఒక్కసారి షార్జా పోయొచ్చిన పక్కింటాయన ఆ వీధికి అంతర్జాతీయ న్యాయనిపుణుడు: “నన్ను ఆపల్యా, నిన్నెందుకు ఆపుతారప్పా?” ఇందరు పెద్దలు కలిసి ఒక రోగిని స్మగ్లరుగా తీర్చిదిద్దుతారు. అసలు స్ట్రిప్పులో, చేతిసంచిలో, చీటీతో ఉంటే అది మందు. విటమిన్ డబ్బాలో, చీర మడతలో, చీటీ లేకుండా ఉంటే అది సరుకు. మాత్ర మారలేదు, మనం దాచిన చోటే సాక్ష్యం చెబుతుంది.

అమెరికా కాక ఇంకో దారి కూడా ఆదోని నుంచి ఎప్పటినుంచో ఉంది. హజ్‌కు, ఉమ్రాకు పోయే పెద్దలు ఏటా బయల్దేరుతారు. వయసు మీదపడ్డవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లు. సౌదీ అరేబియాలో ఇలాంటి మందులకు ముందుగానే అక్కడి ఆహార, ఔషధ అథారిటీ నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. చీటీ కానీ వైద్య నివేదిక కానీ చూపాలి. ఉండే రోజులకో, ముప్పై రోజులకో, ఏది తక్కువైతే అంతకే ఇస్తారు. హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్ల ప్రయాణం చాలాసార్లు నలభై రోజులు. ఆ మిగతా పది రాత్రుల సంగతి పోయే ముందే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. యుఏఈలో కూడా ఇదే పద్ధతిలో ముందస్తు అనుమతి అడుగుతారు. మన ట్రావెల్ ఏజెంటు మాత్రం కొబ్బరినూనె ఎంత తేవాలో, చలికి ఏ స్వెట్టరు తేవాలో, ఎన్ని కిలోలు దాటితే ఎంత కట్టాలో నోటికి చెబుతాడు. మాత్ర సంగతి అడిగితే “ఏం కాదు భాయ్” అంటాడు. ‘ఏం కాదు’ అన్న మాట మీద ఆయన సంతకం తీసుకున్న యాత్రికుడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

“ఏం కాదు” అనుకున్నవాళ్లలో మనవాళ్లే ఉన్నారనుకోకండి. 2017 అక్టోబరులో ఒక బ్రిటిష్ మహిళ ఈజిప్టులోని హుర్గాడా విమానాశ్రయంలో 290 ట్రమడాల్ నొప్పి మాత్రలతో దొరికింది. నడుంనొప్పితో ఉన్న తనవాడి కోసం తెచ్చానంది, అక్కడ నేరమని తెలియదంది. ఆమె దేశంలో డాక్టరు రాస్తే దొరికే మందే. ఆ డిసెంబరులోనే కోర్టు మూడేళ్ల జైలు వేసింది. తెలియదన్న మాటకు ఏ దేశంలోనూ శిక్షలో రాయితీ స్లాట్ లేదు.

ఇక్కడ మన గుంపులోంచి ఒక గొంతు లేస్తుంది: “అరబ్బులకు చాదస్తం, తెల్లోళ్లకు అనుమానం, మనల్ని చూస్తే వాళ్లకు చులకన.” అయ్యా, ఈ మందులను అదుపులో పెట్టిన అంతర్జాతీయ ఒప్పందం 1971లో వియన్నాలో కుదిరింది. దానిలో మనమూ చేరాం. మన 1985 చట్టం ఆ ఒప్పందాల చెట్టుకు కాసిన కాయే. అల్ప్రజోలం అక్కడి జాబితాలోనూ ఉంది, మన జాబితాలోనూ ఉంది. వాళ్ల దగ్గర జాబితా గేటు దగ్గర నిలబడి ఉంది, మన దగ్గర గెజెట్లో పడుకుని ఉంది. తేడా అంతే, దానికి జాతి వివక్ష అని పేరు పెట్టడం మన తెలివి.

మాత్రల కన్నా పెద్ద గండం పొట్లం. మన ఊళ్లో ఎవరైనా విదేశానికి పోతున్నారని తెలిస్తే ఆ ఇంటికి పొట్లాలు నడిచి వస్తాయి. “మా తమ్మునికి ఒక చిన్న పొట్లం, మందులేలే.” మొహమాటం మళ్లీ. తీసుకోనంటే పెళ్లిళ్లలో మాట్లాడరు. 2019 జులైలో ముంబై దంపతులు ఇలాగే ఒక బంధువురాలు ఏర్పాటు చేసిన సెలవుల ప్రయాణానికి దోహా పోయారు. ఆమె ఇచ్చిన పొట్లంలో నాలుగు కిలోల హషీష్ బయటపడింది. పదేళ్ల శిక్ష పడింది. బిడ్డ జైల్లోనే పుట్టింది. వాళ్లు మోసపోయారని మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో తవ్వి తీసి చెప్పి, కేసు మళ్లీ విచారణకు వచ్చాక 2021లో బయటపడ్డారు. పొట్లం విప్పి చూపించమని అడగడం ఒక్క నిమిషం ఇబ్బంది. అడగకపోతే ఎన్నేళ్ల ఇబ్బందో న్యాయమూర్తి చెబుతాడు.

విప్పి చూసినా సరిపోదు, ఏం చూస్తున్నామో తెలియాలి. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్న మనకు గసగసాల పాయసం తాగి పడుకుంటే నిద్ర ముంచుకొస్తుందని తెలుసు. ఏ డాక్టరూ రాయని పాత నిద్రమందు అది. అమ్మ కుర్మా మసాలా పొట్లంలో గుప్పెడు గసగసాలు పోసి కొడుక్కు ప్రేమగా కడుతుంది. సౌదీలో, యుఏఈలో, సింగపూరులో గసగసాలు నిషిద్ధం, అవి నల్లమందు మొక్క గింజలు. ప్రేమను వాళ్లు కాదనరు, ప్రయోగశాలకు పంపుతారు.

కొందరు తెలివైనవాళ్లు ఈ తలనొప్పంతా ఎందుకని కొరియరును నమ్ముకున్నారు. “నేను మొయ్యను, పోస్టు మోస్తుంది” అని. అమెరికాకు ఇలాంటి మందులు టపాలో తెప్పించుకోవడం మామూలు మనిషికి నేరం. 2022 మేలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హైదరాబాద్ దోమల్‌గూడలో ఒక ఇంటర్నెట్ మందుల దుకాణాన్ని పట్టుకుంది. అల్ప్రజోలం, జోల్పిడెం లాంటి నిద్ర సామగ్రి అంతా అక్కడి నుంచి సముద్రాలు దాటేదట. సోదాలో దొరికిన నగదు 3 కోట్ల 71 లక్షలు. మన నిద్ర ఎగుమతికి అంత గిరాకీ ఉన్నప్పుడు ఆదోని ఇంకా పత్తినే నమ్ముకుని ఉండటం అమాయకత్వం.

ఇక అల్ప్రజోలం మన తెలుగు నేల మీద ఎంత ఇంటిబిడ్డ అయిందో చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లుకు అదే ప్రాణం. 2025 జులైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక దళం ఈగల్ పోలీసులు బోయినపల్లిలో ఒక బడి భవనంలోనే అల్ప్రజోలం తయారీ నడుస్తోందని పట్టుకున్నారు. పిల్లలకు పాఠం, పక్క గదిలో రసాయనం. చదువు చెబితే నిద్ర వస్తుందన్న మాటను ఇంత శాస్త్రీయంగా నిరూపించిన విద్యాసంస్థ ఇంకోటి లేదు. ఇలాంటి రాజ్యంలోంచి పోయిన అమ్మ, అక్కడి అధికారి కొన్ని మాత్రలకు ఇంత హడావుడి ఎందుకు చేస్తున్నాడో తెలియక తెల్లమొహం వేస్తే, ఆ తెల్లమొహానికి బాధ్యులెవరు?

ఇదంతా చదివి భయపడి, పోయే ముందురోజు మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేసేవాళ్లూ ఉంటారు. అది ఇంకో రకం ఆత్మహత్యాప్రయత్నం. ఏళ్ల తరబడి రోజూ అల్ప్రజోలం లాంటిది మింగిన ఒళ్లు, ఒక్కసారి ఆపితే ఊరుకోదు. వణుకు, చెమటలు, కలవరం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఆపాలంటే డాక్టరు చెప్పిన లెక్కన వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. ప్రయాణం మూడు నెలలు ముందే తెలుసు, వీసా కోసం మూడుసార్లు హైదరాబాద్ తిరుగుతారు, డాక్టరు దగ్గరికి పోయేది పెట్టె సర్దేసిన రాత్రి.

విమానంలో హాయిగా పడుకుందామని కొత్తగా జోల్పిడెం మొదలుపెట్టేవాళ్ల సంగతి వేరే. దాన్ని వేసుకున్నవాళ్లు నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, కారు నడపడం వరకూ జరిగాయని 2019లో అమెరికా ఎఫ్‌డీఏ పెట్టె కట్టి హెచ్చరిక పెట్టించింది. ఆడవాళ్ల ఒంట్లో అది ఎక్కువసేపు నిలుస్తుందని 2013లోనే వాళ్ల మొదటి మోతాదును సగానికి తగ్గించమంది. మన షాపాయన దగ్గర ఆడ, మగ తేడా లేదు. సమానత్వం ఎక్కడైనా అమలైందంటే ఆ కౌంటరు మీదే. పైగా విమానంలో ఇచ్చే మందుసీసా ఊరికే వస్తుందని దాని మీద ఈ మాత్ర వేసుకునే వీరులున్నారు. గంటల తరబడి కాలు కదపని నిద్రలో కాలి నరంలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, ఆ గడ్డకు పాస్‌పోర్టు అక్కర్లేదని వాళ్లకెవరూ చెప్పరు.

మరి చేయాల్సిందేమిటి? కొండలు తవ్వాల్సిన పని లేదు, ఒక్క కాగితం. డాక్టరుగారూ, మీ పేరున్న కాగితం మీద, ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి. జబ్బేమిటి, మందు జనరిక్ పేరేమిటి, రోజుకు ఎంత, ఎన్ని రోజులకు, మొత్తం ఎన్ని మాత్రలు, మీ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర. మూడు నిమిషాల పని. బయట అరవైమంది ఉన్నారని మాకూ తెలుసు. అరవైయొకటోవాడు జెద్దాలో పోలీసు స్టేషన్‌లో కూర్చుని ఉంటాడని మీకూ తెలియాలి. షాపాయనా, ఈ ఒక్కసారికి కత్తెర పక్కన పెట్టు. నిండు స్ట్రిప్పులు, పెట్టెతో సహా, బిల్లుతో ఇవ్వు. రిజిస్టరులో బతికున్నవాళ్ల పేరు రాయి. ఇన్‌స్పెక్టరుగారూ, తనిఖీకి వచ్చేటప్పుడు కబురు పంపకుండా రండి. ప్రయాణికుడా, నువ్వు పోయే దేశం నిబంధన ఆ దేశపు రాయబార కార్యాలయం సైటులోనే ఉంటుంది, కావాల్సిన అనుమతి ముందే తీసుకో. మందు చేతిసంచిలో పెట్టుకో, అధికారి అడిగేలోపే నువ్వే చెప్పు. షార్జా పోయొచ్చిన పక్కింటాయనను మాత్రం ఏమీ అడగకు.

ఇది చేయడం కుదరదంటారా? మొహమాటం అడ్డొస్తుందంటారా? సరే, మన మర్యాద మనదే. కానీ అమ్మే సరుకు మీద షరతులు రాయడం ప్రతి వ్యాపారి ధర్మం కదా. ఆదోనిలో, ఎమ్మిగనూరులో చీటీ అడగని ప్రతి షాపు బోర్డు కింద, ‘అప్పు లేదు’ అన్న బోర్డు పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో ఇంకో బోర్డు రాయించండి: ‘మా దగ్గర కొన్న నిద్ర శంషాబాద్ దాటితే చెల్లదు.’